మల్టీమీటర్, స్కోపు, పవర్ సప్లై కంప్యూటరుకు కలపడం: టైమౌట్ ఎందుకు వస్తుంది, కేబుల్ మార్చాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంచి మీద మూడు పరికరాలున్నాయి: వెనకాల జీపీఐబీ (కొలత పరికరాలను కలిపే పాత 24 పిన్నుల బస్సు), ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టు) రెండూ ఉన్న పాత 34401ఏ మల్టీమీటర్, యూఎస్‌బీ, లాన్ (నెట్‌వర్క్ పోర్టు) రెండూ ఉన్న రైగోల్ 1000జెడ్ సిరీస్ స్కోపు (ఆసిలోస్కోపు), యూఎస్‌బీ మాత్రమే ఉన్న పవర్ సప్లై. మూడింటినీ పైథాన్‌తో నడిపి ఒక బోర్డును రాత్రంతా లాగ్ చేయాలి. స్కోపు వెంటనే పలికింది, మల్టీమీటర్ మాత్రం యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ మీద ఒకసారి జవాబిస్తుంది, ఒకసారి టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే గడువు దాటింది అంటుంది. మంచి కేబుల్ కొనాలా, లేక జీపీఐబీ అడాప్టర్ కొనాలా అని అడిగారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. ఒక్కసారైనా తప్పుల్లేని జవాబు వచ్చిందంటే పోర్టు, బాడ్ రేటు (సీరియల్ వేగం), టీఎక్స్-ఆర్‌ఎక్స్ (పంపే, అందుకునే) తీగలు సరిగ్గానే ఉన్నట్టు. తేడా ఆ పైన జరిగే సంభాషణలో ఉంది. ఇలాంటి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడివే, అయినా అందరి చెయ్యీ ముందు కేబుల్ మీదికే వెళ్తుంది, కంటికి కనిపించేది అదొక్కటే కాబట్టి.

ఇందులో ఉన్న పొరలు ఒకసారి విడదీసి చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అడుగున తీగ. దాని మీద, ఒక సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే పద్ధతి: యూఎస్‌బీలో యూఎస్‌బీటీఎంసీ, లాన్‌లో వీఎక్స్ఐ-11 లేదా హైస్లిప్, జీపీఐబీలో దాని సొంత హ్యాండ్‌షేక్ (పంపు, ఆగు అని రెండువైపులా చెప్పుకునే ఏర్పాటు), సీరియల్‌లో మాత్రం పెద్దగా ఏమీ లేదు. దాని మీద వీసా అనే లైబ్రరీ, అన్ని రకాల పోర్టులనూ మీ ప్రోగ్రాముకు ఒకే రకంగా చూపించడం దాని పని. అన్నిటికీ పైన పరికరం అర్థం చేసుకునే భాష, అంటే ఎస్‌సీపీఐ కమాండ్లు. టైమౌట్ అనే మాట ఈ నాలుగింటిలో ఏది చెడినా వస్తుంది, అందుకే దాన్ని చూసి ఏమీ తేల్చుకోలేం. (కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, అక్షరాలు మాన్యువల్లో చూసి టైప్ చేయండి.)

ముందు మీ మల్టీమీటర్ సంగతి, ఎందుకంటే ఆ మోడల్‌కు సీరియల్ పోర్టులో కొన్ని సొంత పట్టుదలలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది 9600 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 2 స్టాప్ బిట్లతో ఉంటుంది. మనందరికీ చేతికి అలవాటైన 8-నన్-1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్) అక్కడ పనిచేయదు. మీకు కొన్నిసార్లైనా చదవగలిగే జవాబు వస్తోంది కాబట్టి ఇది మీరు సరిచేసుకునే ఉంటారు. రెండోది, దాని వెనకాల ఉన్న 9 పిన్నుల కనెక్టర్ కంప్యూటర్లో ఉన్నలాంటిదే, కాబట్టి మధ్యలో క్రాస్ అయిన కేబుల్, అంటే నల్ మోడెమ్ కేబుల్ కావాలి. ఇది కూడా మీ దగ్గర ఉన్నట్టే. మూడోది, నాలుగోది అసలు విషయాలు.

మూడోది హ్యాండ్‌షేక్. ఈ మీటర్ అందుకోసం ఆర్‌టీఎస్-సీటీఎస్ అనే తీగల జంట వాడదు, డీటీఆర్-డీఎస్‌ఆర్ జంట వాడుతుంది: డీటీఆర్ మీద తన సంగతి చెప్తుంది, డీఎస్‌ఆర్ మీద ఎదుటివాళ్ల సంగతి చూస్తుంది. తన డీఎస్‌ఆర్ పిన్ను మీద వోల్టేజి పైకి ఉంటేనే మాట్లాడుతుంది. కేబుల్లో టీఎక్స్, ఆర్‌ఎక్స్, గ్రౌండ్ అని మూడే తీగలుంటే ఆ పిన్ను గాల్లో ఉండిపోతుంది, మీటర్ కమాండు వింటుంది, తెర మీద మార్పు కూడా కనిపిస్తుంది, జవాబు మాత్రం నోట్లోనే దాచుకుంటుంది. కేబుల్లో తీగలన్నీ ఉన్నా, మీ ప్రోగ్రాము పోర్టు తెరిచినప్పుడు డీటీఆర్‌ను పైకి లేపకపోతే ఇదే కథ. అటువైపు నుంచి చూస్తే, మీటర్ తన బఫరు నిండబోతుంటే డీటీఆర్ దించి ఆగమంటుంది, చాలా యూఎస్‌బీ కన్వర్టర్లు దాన్ని పట్టించుకోవు. కాబట్టి ఒకేసారి పొడవాటి కమాండ్ల దండ పంపకండి. ఒక్కో వాక్యం పంపి, జవాబు ఉన్నదైతే తీసుకుని, తర్వాతది పంపండి.

నాలుగోది సిస్ట్:రెమ్ అనే కమాండు. జీపీఐబీలో అయితే పరికరాన్ని రిమోట్ స్థితిలోకి మార్చడానికి ప్రత్యేకంగా ఒక తీగే ఉంది, దాన్ని అడాప్టర్ తానే చూసుకుంటుంది. సీరియల్‌లో అలాంటి తీగ లేదు కాబట్టి పోర్టు తెరవగానే మొట్టమొదట ఈ కమాండు మీరే పంపాలి. పంపకపోతే ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేమని ఈ మీటరు మాన్యువల్లోనే ఉంది. ఒకసారి పలకడం, ఒకసారి పలకకపోవడం అంటే అదే కదా. నా అంచనాలో మీ ఇబ్బందికి మొదటి అనుమానితుడు ఇతనే. అన్నట్టు, ముందు ప్యానెల్లో ఐ/ఓ మెనూలో ఇంటర్‌ఫేస్ ఆర్‌ఎస్-232కి మార్చి ఉండాలి, జీపీఐబీ, సీరియల్ రెండూ ఒకేసారి పనిచేయవు.

ఇవి రెండూ సరిచేశాక కూడా టైమౌట్ వస్తే, అప్పుడు చూడాల్సింది కొలతకు పట్టే సమయం. వీసాను పైథాన్ నుంచి వాడించే పైవీసాలో మామూలుగా ఉండే టైమౌట్ 2 సెకన్లు. మీటర్ ఒక రీడింగుకు ఎంతసేపు తీసుకుంటుందో ఎన్‌పీఎల్‌సీ సెట్టింగు చెప్తుంది, అంటే కరెంటు తరంగం ఎన్ని ఆవర్తనాల పాటు సగటు తీస్తుందో ఆ సంఖ్య. 50 హెర్ట్జ్ కరెంటులో 1 పీఎల్‌సీ అంటే 20 మిల్లీసెకన్లు, 10 అంటే 200 మిల్లీసెకన్లు, 100 అంటే 2 సెకన్లు. ఆటోజీరో ఆన్‌లో ఉంటే మీటర్ ప్రతి రీడింగుకూ సున్నాను కూడా ఒకసారి కొలుస్తుంది, సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే 100 పీఎల్‌సీలో ఒక్క రీడింగుకు 4 సెకన్లు, మీ లైబ్రరీ 2 సెకన్లకే చేతులెత్తేస్తుంది. మీటర్ తప్పేమీ లేదు. టైమౌట్‌ను ఎప్పుడూ ఆ కొలతకు పట్టే సమయం కంటే రెండు మూడు రెట్లు పెట్టుకోండి. టైమౌట్ పెద్దదైతే ప్రోగ్రాము నెమ్మదిస్తుందని కొందరు భయపడతారు, జవాబు రాగానే అది కదిలిపోతుంది కాబట్టి నష్టమేమీ ఉండదు.

దీనికి అంటుకునే ఇంకో మెలిక. ఇంటర్నెట్లో దొరికే ఉదాహరణలన్నీ మెజ్:వోల్ట్:డీసీ? తోనే మొదలవుతాయి. ఆ ఒక్క కమాండు పరికరాన్ని డిఫాల్ట్ సెట్టింగులకు తెచ్చి, కొలిచి, జవాబు ఇచ్చేస్తుంది. తొలి పరీక్షకు బాగుంటుంది. కానీ మీరు పైన శ్రద్ధగా ఎన్‌పీఎల్‌సీ పెట్టి, లూపులో మెజ్ వాడారనుకోండి, మొదటి చుట్టులోనే మీరు పెట్టినది ఎగిరిపోతుంది, ఎవరూ చెప్పరు. లాగింగుకు సరైన వరుస ఏమిటంటే కాన్ఫ్:వోల్ట్:డీసీ ఒకసారి, దాని తర్వాత ఎన్‌పీఎల్‌సీ, రేంజి, ఆటోజీరో, ఆ పైన లూపులో రీడ్? మాత్రమే. కాన్ఫ్ కూడా సెట్టింగులను చెరిపేస్తుంది కాబట్టి అది ముందే రావాలి. రేంజి కూడా ఒకచోట బిగించేయండి, ఆటోరేంజిలో వదిలితే విలువ రేంజి అంచు దగ్గర ఊగిసలాడుతున్నప్పుడు రిలేలు టకటకమంటూ ఒక్కో రీడింగుకు ఒక్కో సమయం తీసుకుంటాయి.

టైమౌట్ వచ్చాక ఏం జరుగుతుందన్నది నన్నడిగితే టైమౌట్ కంటే పెద్ద సమస్య. మీ ప్రోగ్రాము విసిగి వదిలేసింది, ఎర్రర్‌ను పట్టుకుని తర్వాతి చుట్టుకు వెళ్లింది, మళ్లీ రీడ్? పంపింది. ఈలోగా మీటర్ పాత ప్రశ్నకు జవాబు తయారుచేసి సీరియల్ తీగ మీద పెట్టేసింది. మీ ప్రోగ్రాము దాన్ని కొత్త ప్రశ్నకు జవాబనుకుని రాసుకుంటుంది. అక్కడి నుంచి తెల్లవార్లూ ప్రతి రీడింగూ ఒక అడుగు వెనకే. పవర్ సప్లైని 3.3 వోల్టులకు పెట్టి కొలిచిన వరుసలో 3.2 దగ్గరి విలువ కూర్చుంటుంది, అంకెలు నమ్మదగినట్టే ఉంటాయి కాబట్టి గ్రాఫు చూసినా అనుమానం రాదు. జీపీఐబీ, యూఎస్‌బీటీఎంసీల్లో ఈ బాధ కొంత తక్కువ, పరికరమే పాత జవాబును పారేసి మైనస్ 410, అంటే ప్రశ్నకు అంతరాయం కలిగింది అని తన ఎర్రర్ల వరుసలో రాసుకుంటుంది. సీరియల్‌లోనూ, లాన్ మీద నేరుగా సాకెట్ తెరిచినప్పుడూ ఆ భద్రత లేదు. అందుకే టైమౌట్ పట్టుకున్న చోటే ఇన్‌పుట్ బఫరు ఖాళీ చేయడం, పరికరానికి డివైస్ క్లియర్ పంపడం (సగంలో ఉన్న సందేశాలు వదిలేయమనడం, వీసాలో దానికి ఫంక్షన్ ఉంది), ఎర్రర్ల వరుస తుడిచే *సీఎల్‌ఎస్ పంపడం, చివరగా నువ్వెవరు అనే *ఐడీఎన్? అడిగి నిజంగా ఐడీ జవాబే వచ్చిందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి. అడిగింది ఐడీ అయితే వోల్టేజి వచ్చిందంటే ఇంకా వరుస తప్పే ఉన్నట్టు.

ఎర్రర్ల వరుస అన్నాను కదా, దాన్ని చదివేవాళ్లు చాలా తక్కువమంది, నాకు ఇది ఎప్పటికీ ఆశ్చర్యమే. సిస్ట్:ఎర్ర్? అని అడిగితే పరికరం తన ఫిర్యాదు తానే చెప్తుంది. మైనస్ 113 అంటే ఆ కమాండు నాకు తెలియదు అని, సాధారణంగా స్పెల్లింగు తప్పు లేదా వేరే మోడల్ కమాండు. మైనస్ 222 అంటే ఇచ్చిన విలువ హద్దులు దాటింది అని. మైనస్ 420 అంటే సరైన ప్రశ్న అడగకుండానే జవాబు చదవబోయారు అని. సున్నా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగాలి, ఎందుకంటే వరుసలో చాలా ఉండవచ్చు. ప్రోగ్రాము రాస్తున్నన్నాళ్లూ ప్రతి కమాండు తర్వాతా ఇది అడిగే చిన్న ఫంక్షన్ పెట్టుకుంటే, తలపట్టుకుని కూర్చునే పని సగం తగ్గుతుంది.

సందేశం చివర పెట్టే గుర్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జీపీఐబీలో చివరి బైటుతో పాటు ఈఓఐ అనే తీగ కదులుతుంది, యూఎస్‌బీటీఎంసీలో ప్యాకెట్ హెడరులోనే ముగింపు బిట్టు ఉంటుంది. సీరియల్‌లో, నేరుగా తెరిచిన సాకెట్లో లైన్‌ఫీడ్ అనే అక్షరం తప్ప వేరే ఆధారం లేదు. పైవీసాలో సాకెట్ తెరిచి, రీడ్ టెర్మినేషన్‌గా లైన్‌ఫీడ్ పెట్టకపోతే, జవాబు మొత్తం వచ్చేసి ఉన్నా లైబ్రరీ ఇంకా ఏదో వస్తుందని కూర్చుని, చివరకు టైమౌట్ అంటుంది. కొన్ని చవక పవర్ సప్లైలకు కథ తిరగబడుతుంది: కమాండు చివర పైవీసా మామూలుగా పంపే క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ జంట వాటికి నచ్చదు, లైన్‌ఫీడ్ ఒక్కటే కావాలి, కొన్నింటికైతే ఏదీ ఉండకూడదు.

ఇక యూఎస్‌బీ. వెనకాల చతురస్రంగా ఉండే బీ రకం సాకెట్ కంప్యూటరుకు, ముందు వెడల్పుగా ఉండే ఏ రకం సాకెట్ పెన్‌డ్రైవుకు. రెండు చివర్లా ఏ రకం ఉన్న కేబుల్ తెచ్చి ముందు సాకెట్‌ను కంప్యూటరుకు కలిపే ప్రయత్నం మాత్రం చేయకండి, రెండువైపులా 5 వోల్టులు ఇచ్చే పోర్టులే. బీ సాకెట్ వెనకాల ఉన్నది రెండు రకాలు కావచ్చు. మీ స్కోపులాంటిది యూఎస్‌బీటీఎంసీ, అంటే కొలత పరికరాల కోసమే యూఎస్‌బీ సంస్థ 2003లో ఇచ్చిన ప్రమాణం. విండోస్ డివైస్ మేనేజర్లో టెస్ట్ అండ్ మెజర్‌మెంట్ డివైస్ అని కనిపిస్తుంది, అది కూడా వీసా ఇన్‌స్టాల్ చేశాకే. లైనక్స్‌లో కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది, కానీ అనుమతులు మామూలు యూజరుకు ఉండవు, పరికరాల అనుమతులు చెప్పే ఒక యూడెవ్ రూలు రాయాలి. రూట్‌గా నడిపితే పరికరం కనిపించి, మామూలుగా నడిపితే కనిపించకపోతే కారణం అదే. రెండో రకం, లోపల సీరియల్ చిప్పు పెట్టి పైకి యూఎస్‌బీ సాకెట్ ఇచ్చినది. మీ పవర్ సప్లై ఇదే అయ్యుండాలి, విండోస్‌లో కామ్ పోర్టుగా కనిపిస్తే ఖాయం. అప్పుడు పైన సీరియల్ గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. కన్వర్టర్‌ను వేరే సాకెట్లోకి మారిస్తే విండోస్ కామ్ నంబరు మార్చేయవచ్చు. ప్రోగ్రాములో కామ్ 5 అని రాసేసుకోకుండా, మొదట్లోనే అన్ని పోర్టులకూ *ఐడీఎన్? పంపి ఏది ఏదో తేల్చుకుంటే రాత్రి పవర్ సప్లైకి వెళ్లాల్సిన కమాండు మీటరుకు వెళ్లదు. లైనక్స్‌లో అయితే సీరియల్ పరికరాలను వాటి సీరియల్ నంబరుతో చూపించే బై-ఐడీ అనే ఫోల్డరు ఉంటుంది, అందులోంచి తీసుకోండి.

వీసా విషయంలో ఒక జాగ్రత్త. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వీసా ఉంది, కీసైట్‌ది ఉంది, రోడ్ అండ్ ష్వార్జ్‌ది ఉంది, టెక్‌ట్రానిక్స్‌ది ఉంది. ప్రమాణం ఒకటే, ఏ కంపెనీ పరికరానికైనా ఏదో ఒకటి చాలు. ప్రతి పరికరంతో వచ్చిన సీడీ వేసుకుంటూ పోతే రెండు మూడు పోగుపడి, ఏ యూఎస్‌బీ పరికరం ఎవరి డ్రైవరు కింద ఉందో తెలియని గందరగోళం మొదలవుతుంది. ఒకటి ఎంచుకుని దాన్నే ప్రైమరీగా పెట్టుకోండి. మీ పనికైతే పైవీసా-పై అనే పూర్తిగా పైథాన్‌లో రాసిన బ్యాకెండ్ కూడా సరిపోతుంది. సీరియల్, లాన్, యూఎస్‌బీటీఎంసీ మూడూ దానికి తెలుసు.

స్కోపుకు నా సలహా మాత్రం లాన్. ఇప్పుడు యూఎస్‌బీలో పనిచేస్తోంది కదా అంటారేమో, పగలు ముందు కూర్చుని వాడుకోవడానికి యూఎస్‌బీ బాగానే ఉంటుంది. రాత్రంతా వదిలేసేటప్పుడు కంప్యూటర్ పవర్ ఆదా కోసం పోర్టును నిద్రపుచ్చడం, హబ్ ఒక్క క్షణం పడి లేవడం, దాంతో తెరిచి ఉన్న సెషన్ చచ్చిపోవడం లాంటివి ఉంటాయి. లాన్‌లో కనెక్షన్ తెగినా మళ్లీ తెరుచుకుంటే సరిపోతుంది. పరికరానికి మారని ఐపీ ఇవ్వండి, రూటరులోనైనా సరే, స్కోపు మెనూలోనైనా సరే. 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు దొరక్క పరికరం తానే ఒక అడ్రసు పెట్టుకుందని అర్థం. వీఎక్స్ఐ-11 ముందు 111 పోర్టును తట్టి, అక్కడి నుంచి వేరే పోర్టుకు వెళ్తుంది, అందుకే పింగ్ వస్తుంది, వెబ్ పేజీ తెరుచుకుంటుంది, వీసా మాత్రం అందదు అంటే ముందు ఫైర్‌వాల్‌ను అనుమానించండి. హైస్లిప్ అయితే 4880 ఒక్కటే చాలు, కాకపోతే అన్ని పరికరాల్లో ఉండదు. నేరుగా సాకెట్ కావాలంటే చాలా కంపెనీలు 5025 వాడతాయి, రైగోల్ 5555 వాడుతుంది. ఈ పోర్టులకు పాస్‌వర్డు లేదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా మీ పవర్ సప్లైని 30 వోల్టులకు పెట్టగలరు, కాబట్టి వీటిని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరుగా ఉంచండి, ఇంటర్నెట్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి.

స్కోపు నుంచి తరంగం మొత్తం లాగేటప్పుడు ఇంకో ఆట ఉంటుంది. మామూలుగా అడిగితే వచ్చేది తెర మీది 1200 పాయింట్లే. మెమరీలో ఉన్న లక్షల పాయింట్లు కావాలంటే స్కోపును స్టాప్‌లో పెట్టి, రా మోడ్‌లో, బైటు ఫార్మాట్‌లో ఒక విడతకు 2,50,000 చొప్పున ముక్కలుగా అడగాలి. ఆస్కీ ఫార్మాట్ జోలికి వెళ్లకండి, ఒక బైటుతో పోయే పాయింటుకు డజను పైగా అక్షరాలు పంపుతుంది, విడతకు 15,625 కంటే ఇవ్వదు కూడా. బైనరీలో జవాబు హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది, ఆ పక్కన 9 అని ఉంటే తర్వాతి తొమ్మిది అంకెలు పొడవు చెప్తాయని అర్థం, 000250000 అని చదివాక సరిగ్గా అన్ని బైట్లు తీసుకోవాలి. ఇప్పుడు పైన చెప్పిన లైన్‌ఫీడ్ గుర్తుందా, దాని విలువ 10. మీరు సాకెట్ మీద లైన్‌ఫీడ్ రాగానే ఆపమని పెట్టి ఈ డేటా చదివితే, తరంగం తెర అడుగుకు దిగి ఏదో ఒక పాయింటు విలువ 10 అయిన క్షణాన చదవడం ఆగిపోతుంది. తరంగం తెర మధ్యలో ఉన్నంతసేపూ అంతా బాగుంటుంది, వోల్ట్స్ పర్ డివిజన్ మార్చగానే సగం డేటాయే వస్తుంది. పైవీసాలో బైనరీ విలువలు చదివే ప్రత్యేక ఫంక్షన్ ఉంది, అది హెడరు చూసుకుని పొడవు ప్రకారం చదువుతుంది, అదే వాడండి. వచ్చిన బైట్లను వోల్టులుగా మార్చడానికి స్కేలు వివరాలుండే ప్రీయాంబుల్ అడిగి, అందులోని వై ఆరిజిన్, వై రిఫరెన్స్ రెండూ తీసేసి వై ఇంక్రిమెంట్‌తో గుణించాలి. ముందు ప్యానెల్లో నాబు తిప్పితే ప్రీయాంబుల్ మారుతుంది, పాతది దాచుకుని వాడకండి.

గ్రౌండ్ గురించి చెప్పకుండా ముగించలేను, ఇది అంకెలు తప్పడంతో ఆగదు, పోర్టులు కాలిపోతాయి. స్కోపు ప్రోబు మీది గ్రౌండ్ క్లిప్ నేరుగా కరెంటు ఎర్త్‌కే కలిసి ఉంటుంది. స్కోపు యూఎస్‌బీ గ్రౌండ్ కూడా అంతే, కంప్యూటరు చట్రమూ అంతే. మీ బోర్డు ఎర్త్‌తో సంబంధం లేకుండా పవర్ సప్లై మీద తేలుతుంటే పర్లేదు. కానీ ఆ బోర్డును ప్రోగ్రామ్ చేయడానికి అదే కంప్యూటరుకు ఇంకో యూఎస్‌బీ కేబుల్ కలిపి ఉండి, క్లిప్‌ను బోర్డు మీద గ్రౌండ్ కాని చోట పెట్టారనుకోండి, సప్లై కరెంటు కాస్తా ప్రోబు తీగలోంచి, యూఎస్‌బీ షీల్డులోంచి పోతుంది. 34401ఏ ఇన్‌పుట్ ఎర్త్ నుంచి విడిగా ఉంటుంది కాబట్టి దానితో ఈ భయం లేదు. చేతి మల్టీమీటర్లలో చాలావాటికి కంప్యూటర్ లింకును ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఇవ్వడం వెనక కారణం కూడా ఇదే, తీగ లేకపోతే వోల్టేజి దాటి రాలేదు. ఈథర్‌నెట్‌లో ప్రతి పోర్టులోనూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి షీల్డు లేని మామూలు కేబుల్ వాడితే గ్రౌండ్ తెగిపోతుంది, స్కోపుకు లాన్ అన్నదానికి ఇది రెండో కారణం. యూఎస్‌బీ ఐసొలేటర్లు దొరుకుతాయి, కానీ ఏడీయూఎం4160 లాంటి చిప్పుతో చేసినవి 12 మెగాబిట్ల వేగం దగ్గరే ఆగిపోతాయి. పవర్ సప్లైకి చాలు, స్కోపు తరంగాలకు విసుగొస్తుంది.

జీపీఐబీ అడాప్టర్ కొనాలా అన్నారు. హ్యూలెట్ ప్యాకర్డ్ సొంత బస్సుగా మొదలై 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైన ఈ 24 పిన్నుల కనెక్టర్ ఇప్పటికీ గట్టిగా పనిచేస్తుంది. ఒక కంట్రోలరుతో కలిపి 15 పరికరాలు, మొత్తం కేబుల్ 20 మీటర్లు లేదా పరికరానికి 2 మీటర్లు, ఏది తక్కువైతే అది. అడ్రసులు 0 నుంచి 30 దాకా, మీ మీటరుది మార్చకపోతే 22. బస్సు మీద ఉన్న పరికరాల్లో కనీసం మూడింట రెండొంతులు ఆన్‌లో ఉండాలి, ఆఫ్ చేసిన పరికరం బస్సును కిందికి లాగుతుంది. ఒక్క మీటరు కోసమైతే నేను కొనను, సీరియల్‌ను సరిచేసుకుంటాను. పాత పరికరాలు ఇంకో రెండు మూడు వస్తాయనుకుంటే కొనండి. అప్పుడు కూడా పేరున్న అడాప్టర్లకు నకిలీలు చాలా తిరుగుతున్నాయని గుర్తుంచుకోండి. ప్రోలాజిక్స్ రకం, ఆర్డుయినోతో సొంతంగా చేసుకునే ఏఆర్488 రకం కంప్యూటరుకు జీపీఐబీగా కనిపించవు, సీరియల్ పోర్టుగా కనిపిస్తాయి, అడ్రసు మార్చడానికి రెండు ప్లస్ గుర్తులతో మొదలయ్యే వాటి సొంత కమాండ్లు ఉంటాయి.

రాత్రి లాగింగుకు చివరి మాటలు. పవర్ సప్లై మీద ఓవర్‌వోల్టేజి, కరెంటు పరిమితులు పరికరంలోనే పెట్టండి, మీ ప్రోగ్రాము వాటిని కాపలా కాస్తుందని వదిలేయకండి. పైథాన్‌లో ఫైనలీ బ్లాకులో అవుట్‌పుట్ ఆఫ్ అని రాసినా, కంప్యూటర్ అప్‌డేట్ పేరుతో అర్ధరాత్రి రీస్టార్ట్ అయితే ఆ బ్లాకు నడవదు, సప్లై చివరి విలువ దగ్గర అలాగే ఆన్‌లో ఉంటుంది. వోల్టేజి మార్చిన వెంటనే కొలవకండి. *ఓపీసీ? కి 1 అని జవాబు వచ్చినా, కమాండు పూర్తయిందనే చెప్తుంది తప్ప బోర్డు మీది కెపాసిటర్లు నిండాయో లేదో దానికి తెలియదు. ప్రతి వరుసనూ రాయగానే ఫైలులోకి ఫ్లష్ చేయండి. సమయం కూడా రాయండి, చుట్టుకు ఒక సెకను నిద్ర పెట్టాం కాబట్టి సెకనుకు ఒకటి వస్తుందనుకోకండి. కొలతకు 0.4 సెకన్లు పడితే చుట్టు 1.4 సెకన్లవుతుంది, 8 గంటల్లో 28,800 రావాల్సిన చోట 20,571 వస్తాయి. తర్వాతి కొలత ఏ క్షణాన మొదలవ్వాలో లెక్కగట్టి అప్పటిదాకా ఆగేలా రాయండి.

ఇప్పుడు చేయాల్సింది: మిగతా రెండూ పక్కన పెట్టి, మీటరు ఒక్కదానితో, ప్రోగ్రాము లేకుండా పైథాన్ ప్రాంప్టులో చేత్తో పోర్టు తెరిచి, డీటీఆర్ ఆన్ చేసి, టైమౌట్ 10 సెకన్లు పెట్టి, సిస్ట్:రెమ్ పంపి, *ఐడీఎన్? అడగండి. వరుసగా ఓ యాభైసార్లు తప్పకుండా జవాబు వస్తే రీడ్? కి వెళ్లండి. మళ్లీ టైమౌట్ పడితే ఆ వెంటనే సిస్ట్:ఎర్ర్? కి వచ్చిన జవాబు, మీ కేబుల్లో ఏ పిన్ను ఏ పిన్నుకు వెళ్తుందో మల్టీమీటరుతో కంటిన్యుటీ చూసి రాసిన పట్టిక, పోర్టు తెరిచే మీ కోడు నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.